గిలక మోగింది, గంట వణకలేదు: వన్‌టౌన్ గోదాములో చూసిన ధ్వని ఇన్‌స్టలేషన్ల గురించి

సత్యనారాయణపురం మాస్టారు | ఆదివారం రాత్రి 9.15

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పాత గోదామును మూడు రోజులకు అద్దెకు తీసుకొని, ఇంజనీరింగు, చిత్రకళ చదువుతున్న కొందరు విద్యార్థులు ఏర్పాటు చేసిన ప్రదర్శనను శనివారం సాయంత్రం మా అమ్మాయితో కలిసి చూశాను. కదిలే వస్తువులు తమ కదలికతోనే శబ్దం పుట్టించే ఇన్‌స్టలేషన్లు ఇవి. మన ఊళ్ళో ఇటువంటివి చూసే అవకాశం తరచుగా రాదు కనుక, చూసినది చూసినట్టు ముందు చెప్పి, ఆ తరువాత నన్ను ఇబ్బంది పెట్టిన ఒక విషయాన్ని సభ్యుల ముందు ఉంచుతాను.

అక్కడ నాలుగు నిర్మాణాలు ఉన్నాయి. మొదటిది 60 స్టీలు గ్లాసులు. ఒక్కొక్క గ్లాసు పైన బొమ్మకార్లలో వాడే చిన్న మోటారు, దాని ఇరుసుకు దారంతో కట్టిన ఒక నట్టు. మోటారు తిరిగినప్పుడల్లా నట్టు గ్లాసు అంచును తాకుతుంది. దూరం నుంచి వింటే రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. దగ్గరికి వెళితే ఏ గ్లాసుకు ఆ గ్లాసు విడివిడిగా వినబడుతుంది. రెండవది గోదాము ప్రక్కనున్న డాబా మీద, రెండు ఇనుప స్తంభాల మధ్య బిగించిన ఒక తీగ. గాలి వీచినప్పుడు మాత్రమే అది మూలుగుతుంది. మేము వెళ్ళినప్పుడు గాలి లేదు.

మూడవది నూతి గిలక. నాకు అన్నిటికంటె నచ్చినది ఇదే. పాత చెక్క గిలక, దాని మీద కొబ్బరి పీచు చేంతాడు, చేంతాడుకు ఒక రేకు చేద. చేద అడుగున చిన్న చిల్లు ఉంది. మోటారు చేదను మెల్లగా పైకి లాగుతుంటే నీళ్ళు కారిపోయి బరువు తగ్గుతుంది. బరువు తగ్గుతున్న కొద్దీ గిలక గొంతు మారుతుంది. మొదట ముసలి ఎద్దు మూలిగినట్టు మొదలై, పైకి చేరేసరికి పిచ్చుక పిల్ల అరుపులా సన్నబడుతుంది. క్రింద ఉన్న ఇత్తడి బేసినులో పడే నీటి చుక్కల చప్పుడు దానికి తోడు. మా అమ్మమ్మ ఊరిలో నూతిని పూడ్చి 30 ఏళ్ళయింది. ఆ శబ్దం నాకు గుర్తున్నదని ఆ నిమిషం వరకు నాకే తెలియదు.

నాలుగవది ఎడ్ల మెడలకు కట్టే కంచు గంటలు 24. ఒక ఇనుప చట్రానికి వరుసగా వేలాడదీసి, ఒక్కొక్కదాని ప్రక్కన కొట్టే చిన్న సుత్తి అమర్చారు. సుత్తులు కదులుతున్నాయి, గంటల నాదం వినబడుతోంది, జనం ఫోనులలో వీడియోలు తీసుకుంటున్నారు. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒక గంటకు వేలు ఆనించి చూసి, "నాన్నా, గంట వణకడం లేదు" అన్నది. నేనూ ముట్టి చూశాను. నిజమే. సుత్తి గంట వరకు రాకుండానే వెనక్కి పోతోంది. చట్రం వెనుక నల్లగుడ్డ తొలగించి చూస్తే ఒక స్పీకరు కనబడింది.

నా ప్రశ్న ఇది. కదలిక ఒక చోట, శబ్దం మరొక చోట నుంచి వస్తున్నప్పుడు దానిని చలన ధ్వని కళ అని పిలవవచ్చునా? నన్ను మోసగించారన్న భావన కలిగింది. అది న్యాయమైన భావనేనా, లేక నా చాదస్తమా?

అరండల్‌పేట అనుమానం | ఆదివారం రాత్రి 10.02

మాస్టారు గారూ, చాదస్తమనే అంటాను, కోపగించుకోవద్దు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన నాటి నుంచి మూడు నాలుగు తరాలవాళ్ళు రేడియో నాటకాలు వింటూ పెరిగారు. గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే స్టూడియోలో గుర్రం ఉందా, కొబ్బరి చిప్పలు ఉన్నాయా అని ఎవరైనా అడిగారా? రంగస్థలం మీద ఉరిమితే తెర వెనుక ఇనుప రేకు ఊపుతున్నారని అందరికీ తెలుసు. అయినా పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటూనే ఉన్నారు. చెవికి ఇంపుగా వినబడితే చాలు. ఎక్కడి నుంచి వచ్చింది అన్నది కరెంటు పనివాడి సమస్య, ప్రేక్షకుడిది కాదు.

పైగా గ్లాసులకు మోటార్లు కట్టి దానిని కళ అంటున్నప్పుడు, స్పీకరు దగ్గర మాత్రం నియమాలు గుర్తుకు రావడం నాకు వింతగా ఉంది.

బ్రాడీపేట భౌతికశాస్త్రం | ఆదివారం రాత్రి 11.30

అనుమానం గారి పోలిక బాగుంది గానీ, అది ఇక్కడ అతకదు. రేడియో నాటకంలో కొబ్బరి చిప్ప శబ్దానికి కారణమే గానీ, ప్రదర్శిస్తున్న వస్తువు కాదు. నాటకంలో మనం చూడడానికి వచ్చినది కథను. ఈ రకం ఇన్‌స్టలేషనులో కథ లేదు, పాత్ర లేదు. ఒక వస్తువు కదలడం వల్ల ఒక శబ్దం పుట్టడం, ఆ రెంటి మధ్య ఉన్న సంబంధం, అదే ప్రదర్శన. ఆ సంబంధం తెగిపోతే మిగిలేది ఒక బొమ్మ, ఒక పాట. రెండూ ఒకే గదిలో ఉన్నంత మాత్రాన ఒకటి కావు.

ఈ కళ పుట్టుక కూడా అదే చెబుతుంది. 1913లో ఇటలీ చిత్రకారుడు లుయీజీ రూసొలో, యంత్రాల రొద కూడా సంగీతానికి ముడిసరుకేనని ప్రకటిస్తూ ఒక ప్రణాళిక రాశాడు. తరువాత మరతో త్రిప్పే పెద్ద పెట్టెలు చేయించాడు. మర త్రిప్పితే లోపలి చక్రం తీగను రాస్తుంది, తీగ కంపనం తోలు పొరకు చేరుతుంది, బాకా దానిని బయటికి పంపుతుంది. అమెరికాలో హ్యారీ బెర్టోయా 1960 తరువాతి సంవత్సరాలలో బెరిలియం కలిసిన రాగి కడ్డీలను దుబ్బుగడ్డిలా నిలబెట్టాడు. చేత్తో తోసినా, గాలి తగిలినా అవి ఒకదానినొకటి తాకి గంభీరంగా మోగుతాయి. 1975లో చికాగోలో ఒక ఆకాశహర్మ్యం ముందు నిలిపినవి గాలికే మోగుతాయి. వీరిద్దరి పనిలోనూ శబ్దాన్ని చేత్తో పట్టుకోవచ్చు. మీ అమ్మాయి చేసినది సరిగ్గా అదే పరీక్ష, మాస్టారు గారూ. ఆమెకు నా అభినందనలు చెప్పండి.

గ్లాసుల సంగతి ఒకటి చెప్పాలి. 60 గ్లాసులు కలిసి ఒక గ్లాసుకు 60 రెట్లు పెద్దగా వినబడవు. ఒకదానితో ఒకటి పొత్తు లేని సమాన శబ్దాలు రెండు కలిస్తే, శబ్ద తీవ్రతను కొలిచే లెక్కలో, పెరిగేది 3 డెసిబెల్‌లు. పది కలిస్తే 10. 60 కలిస్తే దాదాపు 18. పది డెసిబెల్‌లు పెరిగితే మన చెవికి సుమారు రెట్టింపు అనిపిస్తుంది కనుక, 60 గ్లాసులు ఒక గ్లాసు కంటె మూడు రెట్లకు కాస్త ఎక్కువగా మాత్రమే తోస్తాయి. అందువల్లనే అది రొద కాకుండా వాన అయింది. ఈ నిర్మాణానికి స్ఫూర్తి స్విట్జర్లాండుకు చెందిన జిమూన్ అన్న కళాకారుడై ఉంటాడని నా ఊహ. అట్టపెట్టెలు, దూది ఉండలు, వందల కొద్దీ చిన్న మోటార్లతో ఆయన పని చేస్తాడు. ఆయన తన పనులకు కవితాత్మకమైన పేర్లు పెట్టడు. ఎన్ని మోటార్లు, ఏ పదార్థం, పెట్టె కొలత ఎంత అన్న జాబితానే పేరు. ఆ మోటారు పనుల జాబితాలలో నేను స్పీకరును చూడలేదు.

తీగ మీద విల్లు | సోమవారం ఉదయం 6.50

నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. శుక్రవారం ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్ళాను. మాస్టారు గారు గిలక గొంతు గురించి రాసినది చదివి, మా గురువుగారు మొదటి పాఠంలో చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. విల్లుకు రోజిన్ (చెట్టు బంకతో చేసిన బిళ్ళ) రాయకపోతే తీగ పలకదు. రోజిన్ తీగను పట్టుకుంటుంది, తీగ కొంత దూరం విల్లుతో పాటు లాగబడుతుంది, ఇక ఆగలేక జారి వెనక్కి వస్తుంది, మళ్ళీ పట్టుబడుతుంది. సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా పట్టడం, జారడం జరిగితే స్వరం. ఎండిన ఇరుసు మీద గిలక చేసేదీ ఇదే. చేద బరువు ఇరుసును నొక్కే బలాన్ని మారుస్తుంది కనుక గొంతు మారుతుంది. మేము విల్లు మీద చూపుడు వేలితో చేసే పనిని అక్కడ కారిపోతున్న నీరు చేస్తోంది.

గంటల విషయంలో నాకు శుక్రవారం ఏ అనుమానమూ కలగలేదు. అవి నిజంగానే మోగాయి. ఆదివారం మాత్రం చెవికి ఏదో తేడాగా తోచింది. పెద్ద గంట దగ్గరా, చిన్న గంట దగ్గరా నాదం ఆరిపోవడానికి ఒకే సమయం పట్టింది. అలా జరగదు.

ఇంకొక మాట. ఆదివారం గిలక మోగలేదు. చేద పైకి, క్రిందికి చక్కగా తిరుగుతోంది, కానీ నోరు లేదు. ఎందుకో ఎవరికైనా తెలుసునా?

రైన్ ఒడ్డున తెనాలి | సోమవారం ఉదయం 11.20

బాసెల్ నుంచి రాస్తున్నాను. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన మొదటి సంవత్సరం చలికాలంలో, వెచ్చగా ఉంటుందన్న ఒకే ఒక్క కారణంతో టాంగ్లీ మ్యూజియంలోకి వెళ్ళాను. జాఁ టాంగ్లీ (1925–1991) పాత ఇనుము, చక్రాలు, బెల్టులు, పియానో ముక్కలు, డ్రమ్ములతో పెద్ద పెద్ద యంత్రాలు కట్టిన స్విస్ శిల్పి. మ్యూజియం 1996లో తెరిచారు. పాత ఇనుముతో శిల్పాలు చేసే తెనాలి నుంచి వచ్చినవాడిని కనుక, ఆ యంత్రాలను చూడగానే పరాయివిగా అనిపించలేదు. మన తెనాలి శిల్పాలు కదలవు, ఇవి కదిలి చప్పుడు చేస్తాయి, అంతే తేడా.

ఇక్కడ చెప్పదగినది ఏమిటంటే, ఆ యంత్రాలు రోజంతా తిరగవు. మీట నొక్కితే కొద్దిసేపు ఆడి ఆగిపోతాయి. మళ్ళీ ఆడాలంటే మనం వేచి ఉండాలి. అరిగిపోయే వస్తువులకు విశ్రాంతి ఇవ్వక తప్పదు. మొదట్లో నాకు విసుగు పుట్టింది. తరువాత గమనించాను: ఆగి ఉన్న యంత్రం ముందు ఎదురుచూస్తున్న జనం, అది ఆడుతున్నప్పటి కంటె శ్రద్ధగా దానిని చూస్తున్నారు. ఏ చక్రం ఏ బెల్టుకు, ఏ సుత్తి ఏ డబ్బాకు అని వ్రేలితో చూపించుకుంటున్నారు.

చెడిపోవడం గురించి కూడా టాంగ్లీకి ఒక చరిత్ర ఉంది. 1960 మార్చి 17న న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో, తనను తానే నాశనం చేసుకొనే ఒక యంత్రాన్ని ఆయన నడిపించాడు. 27 నిమిషాలు నడిచింది. అనుకున్నట్టు అన్నీ జరగలేదు, మంటలు లేచాయి, చివరికి అగ్నిమాపక సిబ్బంది ఆర్పారు. ఆ వైఫల్యం కూడా అందరి కళ్ళ ముందే జరిగింది. విజయవాడ గంటలకు వచ్చిన లోపం అది కాకపోవచ్చు గానీ, చెడిపోయిన దానిని దాచడం దగ్గరే నాకు పేచీ.

వాన గ్లాసులు | సోమవారం మధ్యాహ్నం 3.05

మాస్టారు గారికి, మీ అమ్మాయికి ముందుగా క్షమాపణలు. ఆ ప్రదర్శన చేసినవాళ్ళలో నేను ఒకడిని. గ్లాసులు నావి, గంటలు నా మిత్రులవి. కానీ స్పీకరు పెట్టాలన్న నిర్ణయంలో నేనూ ఉన్నాను కనుక తప్పించుకోను.

జరిగినది ఇది. ఒక్కొక్క గంటకు 12 వోల్టుల సోలినాయిడు పెట్టాము. తీగచుట్టలో కరెంటు పారినప్పుడు లోపలి ఇనుప కడ్డీ ముందుకు వచ్చి గంటను కొడుతుంది. శుక్రవారం అన్నీ బాగా పని చేశాయి. శనివారం ఉదయానికి 9 కాలిపోయాయి. మిగిలినవి కొట్టవలసిన దూరం వరకు రావడం లేదు. అప్పటికే జనం వస్తున్నారు. శుక్రవారం రాత్రి మేము రికార్డు చేసుకున్న శబ్దం ఫోనులో ఉంది. కంగారులో ఆ పని చేశాము. ఒక్క గంట శబ్దాన్నే మళ్ళీ మళ్ళీ వాడాము కనుక, తీగ మీద విల్లు గారికి అన్నీ ఒకేలా వినబడ్డాయి.

ఆ సాయంత్రం ఎవరూ అడగలేదని మేము సంతోషించాము. అడగకపోవడం ఎంత బాధాకరమో ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే తెలుస్తోంది.

ఆటోనగర్ లేత్ | సోమవారం రాత్రి 8.40

బాబూ వాన గ్లాసులూ, సోలినాయిడు మీద ముద్రించి ఉన్నది చదివారా? చిన్న సోలినాయిడులలో చాలావరకు ఎడతెగకుండా పని చేయడానికి తయారు చేసినవి కావు. పనిలో ఉండవలసిన సమయం 25 శాతమని ఉంటే, నాలుగు సెకన్లలో ఒక సెకను మాత్రమే కరెంటు ఇవ్వాలని అర్థం. మీ ప్రోగ్రాములో ఎంతసేపు ఆన్‌లో ఉంచుతున్నారు?

వాన గ్లాసులు | సోమవారం రాత్రి 8.52

అర సెకను ఆన్, అర సెకను ఆఫ్, సార్.

ఆటోనగర్ లేత్ | సోమవారం రాత్రి 9.30

అయితే కాలకుండా ఉంటుందా? 50 శాతం అయింది. ఒక్కొక్కటి ఒక ఆంపియరు తీసుకుంటుందనుకుంటే 12 వాట్లు. రేకుల గోదాములో, అంత చిన్న తీగచుట్ట ఆ వేడిని ఎక్కడికి పంపుతుంది?

దీనికంటె ముఖ్యమైనది చెబుతాను. గంటను కొట్టిన సుత్తి వెంటనే వెనక్కి రావాలి. గుడి గంటను కొట్టి నాలుకను అలాగే గంటకు అదిమి పట్టుకోండి, "టక్" అంటుంది, అంతే. మీ కడ్డీ అర సెకను పాటు గంట మీదే కూర్చుంటోంది. అంటే శుక్రవారం బాగా మోగిందనుకున్న రోజున కూడా మీ గంటలు సగం నాదమే ఇచ్చాయి. తీగచుట్టను కాల్చినదీ, నాదాన్ని చంపినదీ ఒకే తప్పు. 30 మిల్లీసెకన్లు ఇచ్చి చూడండి. కడ్డీ తన ఊపుతో పోయి కొట్టి, స్ప్రింగు లాగితే వెనక్కి వస్తుంది.

కాలిపోయిన 9 గంటలకు మళ్ళీ సోలినాయిడులు కొనవద్దు. నా షెడ్డులో పాత కారు వైపర్ మోటార్లు ఉన్నాయి. ఇరుసుకు ఒక కామ్ (గుండ్రంగా లేని చక్రం) బిగిస్తే, అది సుత్తిని మెల్లగా ఎత్తి ఒక్కసారిగా వదిలేస్తుంది. సుత్తి తన బరువుతో పడి కొట్టి ఎగిరిపోతుంది. రోజంతా తిరిగినా వైపర్ మోటారుకు ఏమీ కాదు. అది వర్షాకాలం కోసం పుట్టినది. మోటారు క్రింద రబ్బరు ముక్క వేయకపోతే దాని గీ మనే శబ్దం చట్రమంతా పాకుతుంది, అది మాత్రం మరచిపోవద్దు.

బ్రాడీపేట భౌతికశాస్త్రం | సోమవారం రాత్రి 10.10

లేత్ గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. రాగి తీగ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. వంద డిగ్రీలు పెరిగితే 40 శాతం. అప్పుడు కరెంటు దాదాపు 29 శాతం పడిపోతుంది. లాగే బలం అంతకంటె ఎక్కువగా పడిపోతుంది. మిగిలిన 15 సోలినాయిడులు కాలిపోకపోయినా గంట వరకు రాలేకపోవడానికి కారణం అదే అయి ఉండవచ్చు. చల్లారిన తరువాత వాటిని ఒకసారి పరీక్షించండి, బాబూ. అవి బతికే ఉంటాయి.

లబ్బీపేట డ్రాయింగ్ టీచరు | మంగళవారం ఉదయం 7.30

స్పీకరు వాడడమే నేరమన్నట్టుగా చర్చ సాగుతోంది కనుక ఒక మాట. 2018లో మొదలైన కొచ్చి ముజిరిస్ బినాలె అన్న కళా ప్రదర్శనలో ముంబయి కళాకారిణి శిల్పా గుప్తా చేసిన ఇన్‌స్టలేషనును చూశాను. చీకటి గదిలో వంద మైకులు పైనుంచి వేలాడుతుంటాయి. ప్రతి మైకు క్రింద నిలబెట్టిన ఇనుప ఊచకు ఒక కాగితం గుచ్చి ఉంటుంది. రాసినందుకు జైలుపాలైన వంద మంది కవుల పంక్తులు అవి. ఆ మైకులు మన మాటను తీసుకోవు. వాటినే స్పీకర్లుగా మార్చారు, అవే పలుకుతాయి. వినవలసిన పరికరం మాట్లాడడం అన్నదే ఆ పనికి ప్రాణం. అక్కడ స్పీకరును ఎవరూ దాచలేదు. దాని ముందే నిలబడి వింటాము.

ఆమెదే మరొక పని ఉంది, ఫోటోలలో, వీడియోలలో మాత్రమే చూశాను. గోడకు బిగించిన ఇనుప గేటు మోటారుతో అటూ ఇటూ ఊగి గోడను బాదుతుంది. బాదిన చోట గోడ పెచ్చులూడి పడుతుంది. శబ్దానికి సాక్ష్యం గోడ మీదే మిగులుతుంది. మాస్టారు గారి అమ్మాయి వేలితో వెదికినది అటువంటి సాక్ష్యాన్నే అనుకుంటున్నాను.

కనుక పిల్లలకు నా సలహా: స్పీకరు పెట్టవలసి వస్తే నల్లగుడ్డ తీసివేసి పెట్టండి. చీటీలో "24 గంటలు, 15 సోలినాయిడులు, 1 స్పీకరు" అని రాయండి.

అరండల్‌పేట అనుమానం | మంగళవారం ఉదయం 9.15

నేను ఒక మెట్టు దిగుతాను. రేడియోలో మనల్ని చూడమని ఎవరూ పిలవలేదు. గోదాములో చూడమని పిలిచారు. పిలిచి చూపినదానికీ వినిపించినదానికీ పొంతన ఉండాలన్న వాదన ఒప్పుకుంటున్నాను. చాదస్తమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మాస్టారు గారూ. గ్లాసులు కళ అవునా కాదా అన్న విషయంలో మాత్రం నా అనుమానం నాకు ఉంది.

అయితే ఒక ఆలోచన. నాలుగు గోడల మధ్య ఈ తంటాలు ఎందుకు? క్రొయేషియాలో జదార్ అన్న ఊరిలో సముద్రపు అలలే వాయించే మెట్లు ఉన్నాయని చదివాను. మన కృష్ణ ఒడ్డున ఏదో ఒక ఘాట్‌లో అటువంటిది కడితే?

నిర్వాహకురాలు | మంగళవారం ఉదయం 9.40

ఘాట్‌ల మరమ్మతులు, పుష్కరాల ఏర్పాట్ల మీద వ్యాఖ్యలు ఈ చర్చలోకి రానివ్వవద్దని మనవి. నీటితో మోగే నిర్మాణం వరకే ఉంచండి.

బ్రాడీపేట భౌతికశాస్త్రం | మంగళవారం మధ్యాహ్నం 1.25

జదార్ మెట్లను వాస్తుశిల్పి నికోలా బాషిచ్ రూపొందించాడు. 2005లో ప్రజలకు తెరిచారు. దాదాపు 70 మీటర్ల పొడవున మెట్ల క్రింద 35 గొట్టాలు ఉన్నాయి. అల వచ్చి గొట్టంలోకి నీటిని తోస్తే, లోపలి గాలి పైనున్న సన్నని సందు గుండా పోతూ పిల్లనగ్రోవిలా పలుకుతుంది. కూర్చున్నవారికి కాళ్ళ క్రింద నుంచి శబ్దం వస్తుంది.

విజయవాడలో అది పలకదని నా అభిప్రాయం. ప్రకాశం బ్యారేజీ పైభాగాన నీరు చెరువులా నిలిచి ఉంటుంది. అలలు పుట్టాలంటే పడవ పోవాలి లేదా పెనుగాలి రావాలి. గేట్లు ఎత్తినప్పుడు నీటిమట్టం మారుతుంది గానీ అది గంటల తరబడి నెమ్మదిగా జరిగే మార్పు; గొట్టంలోని గాలిని ఊదగలిగే తోపుడు కాదు. వరద వచ్చిందంటే ఒండ్రు మట్టి 35 గొట్టాలనూ ఒక్క వారంలో పూడ్చివేస్తుంది. సముద్రానికి ఉన్న ఊపిరి చెరువుకు లేదు.

గాలి మాత్రం మనకు ఉంది. డాబా మీది తీగ శనివారం ఎందుకు పలకలేదో చెబుతాను. తీగను దాటి పోయే గాలి దాని వెనుక అటొకటి ఇటొకటిగా సుడులను వదులుతుంది. సెకనుకు ఎన్ని జతల సుడులు అన్నది తెలుసుకోవాలంటే, గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, దానిలో అయిదవ వంతు తీసుకుంటే సరిపోతుంది. ఒక మిల్లీమీటరు తీగ మీద సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తే 600 జతలు. ఆ సంఖ్య తీగ సహజ కంపనాలలో ఒకదానికి దగ్గరగా వచ్చినప్పుడు తీగ అందుకొని పాడుతుంది. బిగింపును బట్టి ఆ కంపనాలు మారుతాయి. కనుక ఒకే తీగ కాకుండా వేర్వేరు మందాలు, వేర్వేరు బిగింపులు ఉన్న ఆరు తీగలు కడితే, ఏ గాలికి ఏదో ఒకటి పలుకుతుంది. అసలు గాలే లేకపోతే ఏదీ పలకదు. అప్పుడు స్పీకరు పెట్టకండి, దయచేసి.

తీగ మీద విల్లు | మంగళవారం సాయంత్రం 5.45

తంబురా తీగ క్రింద జీవా దారం జరిపినట్టు, డాబా తీగ మేకు దగ్గర ఒక నూలు దారం పెట్టి చూడమని విద్యార్థులకు నా విన్నపం. మూలుగుతో పాటు కొంత ఝంకారం కూడా వస్తుందేమో.

ఇంకొక ఇబ్బంది ఉంది, ఎవరూ ప్రస్తావించలేదు. గోదాములో నాలుగు అడుగులు నడిస్తే చాలు, గ్లాసుల వాన, గిలక మూలుగు, జనం మాటలు అన్నీ కలిసి ముద్ద అయిపోయాయి. గిలక పైకి చేరినప్పుడు వచ్చే ఆ సన్నని అరుపును వినడానికి నేను చెవిని దాదాపు చేంతాడుకు ఆనించవలసి వచ్చింది.

బ్రాడీపేట భౌతికశాస్త్రం | మంగళవారం రాత్రి 9.05

రేకుల కప్పు, సిమెంటు నేల, గిలాబా గోడ: శబ్దాన్ని మింగేది ఒక్కటీ లేదు. గోదాము 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తు అనుకుందాము. ఘనపరిమాణం 1200 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 760 చదరపు మీటర్లు. ఆ ఉపరితలం తన మీద పడిన శబ్దంలో నూటికి నాలుగు వంతులే మింగుతుందనుకుంటే, పుట్టిన శబ్దం పూర్తిగా అణగడానికి ఆరు సెకన్లకు పైగా పడుతుంది. సెకనుకు ఒకసారి గంట కొడితే, ఒక్కొక్క దెబ్బ మీద అంతకు ముందు అయిదారు దెబ్బల నీడ పడుతుంది. గోడల వెంట వంద చదరపు మీటర్ల మేర, పడిన శబ్దంలో సగాన్ని మింగే మందపాటి సరుకు ఏదైనా వేలాడదీస్తే, అది రెండున్నర సెకన్లకు దిగుతుంది. గోనెసంచులను రెండు మూడు వరుసలుగా, గోడకు జానెడు దూరంలో కట్టినా చాలా మేలు.

అరండల్‌పేట అనుమానం | మంగళవారం రాత్రి 9.20

గోనెసంచులకు గుంటూరులో కొదవ లేదు. అయితే యార్డు నుంచి మిర్చి టిక్కీలకు వాడినవి మాత్రం తేకండి. ప్రేక్షకుల తుమ్ములే అయిదవ ఇన్‌స్టలేషను అవుతాయి. దానికి స్పీకరు అవసరం ఉండదు.

సత్యనారాయణపురం మాస్టారు | బుధవారం రాత్రి 8.00

నా ప్రశ్నకు జవాబు దొరికింది; అడిగినదాని కంటె ఎక్కువే దొరికింది. విద్యార్థులు దాపరికం లేకుండా ముందుకు వచ్చి చెప్పినందుకు నా కోపం పోయింది. మళ్ళీ ప్రదర్శన పెడితే మా పాఠశాల పిల్లలను తీసుకొని వస్తాను. పిల్లలు ముట్టుకోవడానికి వీలుగా గంటలను రెండడుగులు క్రిందికి దించండి. "ముట్టరాదు" అన్న చీటీ మాత్రం పెట్టవద్దు.

ఆదివారం గిలక ఎందుకు మూగబోయిందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

వాన గ్లాసులు | గురువారం రాత్రి 11.15

మాస్టారు గారూ, అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను.

లేత్ గారి షెడ్డుకు నిన్న సాయంత్రం వెళ్ళాము. మిగిలిన 15 సోలినాయిడులూ బతికే ఉన్నాయి. 30 మిల్లీసెకన్లు ఇచ్చి, సెకనుకు ఒక దెబ్బ చొప్పున గంటసేపు నడిపాము; తీగచుట్టను వేలితో పట్టుకోగలిగాము. పెద్ద గంట నాదం ఆరడానికి పదకొండు సెకన్లు పట్టింది. శుక్రవారం అది రెండు సెకన్లు కూడా లేదని మా రికార్డింగులో ఇప్పుడు వింటే తెలుస్తోంది. సెకనుకు ఒక దెబ్బ చాలా ఎక్కువని కూడా అర్థమై, ఒక్కొక్క గంటకు ఎనిమిది సెకన్లకు ఒకసారిగా మార్చాము. వైపర్ మోటార్లతో రెండు సుత్తులు అయ్యాయి, ఇంకా ఏడు చేయాలి. డాబాకు ఆరు తీగలు కొన్నాము. వచ్చే ప్రదర్శన గుంటూరులో, గోనెసంచులతో.

గిలక సంగతి. శనివారం రాత్రి మేమందరం గంటల గొడవలో ఉండగా, గోదాము కాపలా తాతగారు ఒంటరిగా కూర్చుని ఆ కిరకిర విన్నారట. "పిల్లలు ఊరుకాని ఊరులో అవస్థ పడుతున్నారు, ఇనుమూ చెక్కా అరిగిపోతున్నాయి" అనుకొని, ఇంటి నుంచి ఆముదం తెచ్చి ఇరుసుకు నిండుగా పట్టించారు. ఆదివారం ఉదయం మాకు చూపించి, "ఇప్పుడు చప్పుడే లేదు చూడండి" అని ఎంతో సంతోషంగా చెప్పారు. ఆయనకు నిజం చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

ఇరుసును రెండుసార్లు కిరసనాయిలుతో కడిగాము, ఎండలో ఆరబెట్టాము. ఇంకా పలకడం లేదు. తీగ మీద విల్లు గారు ఒక రోజిన్ బిళ్ళ ఇవ్వగలిగితే పొడి చేసి వేసి చూస్తాము.

తీగ మీద విల్లు | శుక్రవారం ఉదయం 6.40

శనివారం ఉదయం సంగీతం క్లాసు అయిన తరువాత తెస్తాను. విరిగిన బిళ్ళలు మూడు ఉన్నాయి. కొంచెం కొంచెంగా వేయండి. ఎక్కువైతే మొదటిరోజు నా వయొలిన్ లాగా అరుస్తుంది.